చిలకపచ్చ భాగహారం

ఆ రోజుల్లో ఎవరి లెక్క తప్పినా పలక మీదే తప్పేది, తడిగుడ్డతో తుడిస్తే పోయేది. నా లెక్క మాత్రం తప్పిన తర్వాత ఏడు ఇళ్ళకు పాకింది, ఒక కిటికీకి పరదాగా వేలాడింది, దిండ్లకు తొడుగైంది, ఒక మేకపిల్ల మెడలో పట్టీ కూడా అయింది. మా జంషెడ్‌పూర్ తెలుగువాళ్ళలో పాతవాళ్ళు ఇప్పటికీ నన్ను పేరు పెట్టి పిలవరు. "ఏటి చిలకపచ్చా, బాగున్నావా?" అంటారు. డెబ్బై దాటిన మనిషిని అలా పిలవడం మర్యాదేనా అని నేను అడుగుతూనే ఉంటాను, వాళ్ళు పిలుస్తూనే ఉంటారు. పిలిస్తే పిలిచారు, అసలు సంగతైనా సరిగ్గా చెప్పరు. ఒకడు పది తాన్ల గుడ్డ అంటాడు, ఇంకొకడు ఇరవై అంటాడు. ఇలా నోటికొచ్చినట్టు పెంచుకుంటూ పోతే నేను పోయేనాటికి అది బట్టల మిల్లు అయ్యేటట్టుంది. అందుకని నేనే రాస్తున్నాను. తప్పంతా నాది కాదని ముందే చెబుతున్నాను. కొంత మా చిన్నప్పటి మాస్టారిది, కొంత వేరుశనక్కాయలది.

ముందు మాస్టారి సంగతి. ఇచ్ఛాపురం దగ్గర మా ఊరి బడిలో ఆయన బెత్తం ఊపుతూ ఒక మాట చెప్పేవారు: "గుణిత్తే పెరుగుతాది, భాగిత్తే తరుగుతాది. ఇది మర్సిపోయినోడు మనిసి కాడు." నేను మర్చిపోలేదు. అదే వచ్చిన చిక్కు. నాలుగో తరగతి అయ్యాక మా నాన్నకు జంషెడ్‌పూర్‌లో పని దొరికి అందరం ఇక్కడికొచ్చాం. ఇక్కడి బడిలో నాకు హిందీ రాదని ఒకటో తరగతిలో కూర్చోబెట్టారు. నాలుగు చదివినవాణ్ణి ఒకటిలో కూర్చోబెట్టడం ఏమిటండీ! ముక్కు కారుతున్న పిల్లల మధ్య మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఒక్క పూట కూర్చుని, మధ్యాహ్నం గంట కొట్టగానే పలక చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేశాను. అమ్మ ఏడ్చింది, నాన్న కొట్టాడు, నేను మళ్ళీ వెళ్ళలేదు. (ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఆ బడి ముందునుంచి ఆటోలో వెళితే ఈనాటికీ అటువైపు చూడను.) ఆ తర్వాత నా చదువు నేనే చదువుకున్నాను. హిందీ దుకాణాల బోర్డుల మీద నేర్చుకున్నాను, ఇంగ్లీషు మోటార్లకు బిగించిన రేకుల మీద నేర్చుకున్నాను. మాటకు మాట ఎదురు చెప్పడం మాత్రం పుట్టుకతోనే వచ్చింది.

ఇరవై నిండకముందే ఒక వర్క్‌షాపులో హెల్పర్‌గా చేరాను. హెల్పర్ అంటే ఫిట్టర్ ముందు నడుస్తుంటే వెనకాల అతని పనిముట్ల పెట్టె మోసేవాడు. ఆ పెట్టె తెరిచే హక్కు మాత్రం లేదు. పానా అడిగితే అందించాలి, నట్టు బిగించడం ఫిట్టర్ చూసుకుంటాడు. అక్కడి ఫోర్‌మన్ మా బస్తీ తెలుగాయనే. మాకు చుట్టరికం ఏమీ లేదు గానీ ఆయన్ని బాబాయి అనీ, ఆయన భార్యను పిన్ని అనీ పిలిచేవాణ్ణి. ఒకరోజు బాబాయి నన్ను పక్కకు పిలిచి, "ఒరే, సేతిపని నీకు వచ్చీసింది. వచ్చే నెల ఫిట్టర్ టెస్టుకి నీ పేరు రాసినాను. కానీ కాగితం మీద లెక్కలుంతాయి. దశాంశాల భాగహారం రాకపోతే సాహెబు పాస్ సెయ్యడు. అప్పుడేటవుద్ది? ఇంకొకడి పెట్టె మోత్తూ మోత్తూ ముసిలోడివయిపోతావు" అన్నాడు. ఆ రాత్రి నాకు కలలో కూడా పెట్టే. దానికి తాళం, ఆ తాళంచెవి నా మొలతాడుకి. ప్రపంచంలో ఇంకేదీ వద్దనిపించింది.

మర్నాడే సైకిలెక్కి సువర్ణరేఖ నది దాటి మాంగో బస్తీలో పాత కాగితాల కొట్టుకి వెళ్ళి ఒక హిందీ లెక్కల పుస్తకం తూకానికి కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే దశాంశాల కూడిక ఉంది, తీసివేత ఉంది, గుణకారం ఉంది, ఆ తర్వాత ఏకంగా సగటులోకి దూకింది. భాగహారం పేజీలు లేవు. మళ్ళీ సైకిలెక్కి వెళ్ళి కొట్టువాణ్ణి నిలదీశాను. వాడు తాపీగా, "అరే భయ్యా, వో పన్నే తో మూంగ్‌ఫలీ మే చలే గయే" అన్నాడు. పక్కనున్న వేరుశనక్కాయల బండివాడు పొట్లాలు కట్టుకోవడానికి చింపుకుపోయాడన్నమాట. ఆ బండి దగ్గర నిలబడి అరగంట సేపు, జనం తిని పారేసిన పొట్లాలు విప్పి చూశాను. ఒకదాంట్లో అక్బరు వంశవృక్షం దొరికింది గానీ భాగహారం దొరకలేదు.

సరే, పేజీలు లేకపోతే మన బుర్ర లేదా అనుకున్నాను. గుణకారం పాఠం చదివితే అక్కడో వింత కనబడింది. ఇరవైని 0.8తో గుణిస్తే పదహారు వస్తుందట! గుణిస్తే తగ్గడమేమిటి? మాస్టారి మాట వేదం కదా నాకు. పుస్తకం రాసినవాడి మీద అరిచాను (వాడక్కడ లేకపోయినా అరిచాను). అరిచి, ఆలోచించి, ఒక సొంత సిద్ధాంతం కనిపెట్టాను. అంకెలో చుక్క వచ్చిందంటే గుణకారం భాగహారమైపోతుంది, భాగహారం గుణకారమైపోతుంది. కాబట్టి 0.8తో భాగించమంటే 0.8తో గుణించాలి. జవాబు తగ్గుతుంది, మాస్టారి ఆత్మ శాంతిస్తుంది. (మాస్టారు అప్పటికి బతికే ఉన్నారని తర్వాత తెలిసింది.) బాబాయి షిఫ్టుకి వెళుతూ, "భాగహారం వచ్చిందేట్రా?" అని అడిగితే, "వచ్చీసింది బాబాయి" అన్నాను. ఆయన సైకిలు ఆపకుండానే సంతోషించాడు.

సరిగ్గా అప్పుడే దసరా దగ్గర పడింది. మా తెలుగు పందిట్లో ఆఖరి రోజు పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళకు పసుపు కుంకుమతోపాటు జాకెట్టు ముక్క ఇవ్వడం ఆనవాయితీ. ఆ ఏడు పెత్తనం పిన్నిది. వంద ముక్కలు కావాలి. ఎప్పుడూ విడి ముక్కలు కొనేవారు, ఈసారి తాన్లు కొని ఇంట్లోనే కోసుకుందామని పిన్ని ఆలోచన. నన్ను పిలిచి, "ఒరే గుంటడా, నువ్వేదో పుస్తకం సదువుతన్నావంట కదా. తాను ఇరవై మీటర్లు. ముక్కకి ఎనభై సెంటీమీటర్లు. తానుకి ఎన్ని ముక్కలు వత్తాయి?" అంది. నేను తలుపు మీద సుద్దముక్కతో ఇరవై వేసి, కింద 0.8 వేసి, పరపరా గుణించి "పదహారు" అన్నాను.

"ఇరవై మీటర్లకి పదహారేనేటి?" అని పిన్ని కాస్త నసిగింది.

"భాగిత్తే తరుగుతాది పిన్నీ. పుస్తకంలో ఉంది."

పుస్తకంలో ఉందంటే ఇంకేముంది! తానుకి పదహారు చొప్పున వంద ముక్కలకు ఏడు తాన్లని తేల్చాను. నేనూ పిన్నీ సాక్చీ బజారుకెళ్ళాం. పిన్ని చిలకపచ్చ రంగు ఏరింది. కొట్టు సేటు నా లెక్క విని కళ్ళజోడు పైకి నెట్టి, "బేటా, చార్ థాన్ కాఫీ హై. సాత్ కా క్యా కరోగే?" అన్నాడు. నాలుగు తాన్లు చాలట, ఏడేం చేసుకుంటావట! నాకు ఒళ్ళు మండిపోయింది. తెలుగువాళ్ళంటే ఇంత చులకనా? మాకు లెక్కలు రావనుకున్నాడా? "సేట్‌జీ, హిసాబ్ హమారే పాస్ హై. ఆప్ కపడా దీజియే" అని, లెక్క మా దగ్గరుంది, నువ్వు గుడ్డ ఇస్తే చాలని గట్టిగా చెప్పాను. తన సరుకు తక్కువ కొనమని చెబుతున్న వ్యాపారిని అనుమానించాలని ఎవరికి తోచిందంటే నాకే తోచింది. ఆయన నన్నూ పిన్నినీ మార్చి మార్చి చూసి, "లే జాయియే. రామ్ జీ ఆప్ కా భలా కరే. మగర్ కటా హువా కపడా వాపస్ నహీ హోగా" అన్నాడు. కోసిన గుడ్డ వెనక్కి తీసుకోడట. ఏడు తాన్లూ రిక్షాలో మా ఒళ్ళో పెట్టుకుని ఊరేగింపులా వచ్చాం. (మూడు తాన్లు ఎక్కువ కొన్న ఫలితంగా ఆ ఏడు అమ్మవారి పులిహోరలో జీడిపప్పు కనబడలేదు. ఎందుకో అప్పుడెవరికీ అర్థం కాలేదు.)

ఇక్కడ జరిగింది మావాళ్ళకే చెల్లుతుంది. పిన్ని ఒక తాను తన దగ్గర ఉంచుకుని, మిగతా ఆరూ ఆరిళ్ళకు పంపి, "పదహారు ముక్కలు కోసి పంపండమ్మా" అని కబురు చేసింది. ఎవరింట్లో వాళ్ళు కత్తెర పట్టుకుని కూర్చున్నారు. పదహారు ముక్కలూ కోశాక చూస్తే ప్రతి తానులోనూ ఏడు మీటర్ల పైచిలుకు గుడ్డ మిగిలింది. మరి ఒక్కరైనా నోరు విప్పాలా? విప్పలేదు. ప్రతి ఇల్లాలూ "పాపం, పని సెప్పినందుకు నాకొక్కద్దానికే ఎక్కువ గుడ్డ ఎట్టింది, ఎవరికైనా సెప్తే బాగోదు" అనుకుని మడత పెట్టి పెట్టెలో దాచేసింది. పిన్ని కూడా తన తానులో మిగిలింది చూసి, సేటు పొరపాటున తనకు కొలత పెద్ద తాను ఇచ్చాడనుకుని గప్‌చుప్‌గా ఊరుకుంది. పేరంటం దివ్యంగా జరిగింది. వంద మందికీ ముక్కలు అందాయి, పైగా పన్నెండు మిగిలాయి. నా సిద్ధాంతం పందిట్లో అందరి ముందూ రుజువైపోయింది! ఇక టెస్టు ఎంత, సాహెబెంత అని మీసం మీద చెయ్యి వేసుకున్నాను. (మీసం ఇంకా సరిగ్గా రాలేదు. చెయ్యి వేశానంతే.)

కార్తీకం వచ్చేసరికి బస్తీ పచ్చబడటం మొదలుపెట్టింది. మొదట ఒకరి కిటికీకి పరదా, తర్వాత ఒకరి పిల్లలకు గౌన్లు, ఇంకొకరి దిండ్లకు తొడుగులు, ఒకాయన సైకిలు సీటుకి టోపీ. చివరి ఇంట్లో ఒకమ్మాయికి పరికిణీ కుట్టారు, మిగిలిన పీలిక మేకపిల్లకు కట్టారు. టెస్టు ఇంకా పదిరోజులుందనగా, ఒక సాయంత్రం బాబాయి షిఫ్టు దిగి మా ఇళ్ళ లైనులోకి సైకిలు తిప్పాడు. అటూ ఇటూ చూసుకుంటూ ఇంటికెళ్ళి, "ఏటే, మన లైనోళ్ళందరికీ ఒకటే రంగు పిచ్చెక్కిందేటి?" అని అడిగాడట. అడుగుతూ రేడియో పెట్టబోయి, దాని మీద పిన్ని కప్పిన చిలకపచ్చ ముసుగు పట్టుకుని ఆగిపోయాడట.

నాకు కబురొచ్చింది. వెళ్ళేసరికి పిన్ని గుమ్మంలో ఏడుగురు ఆడవాళ్ళూ ఉన్నారు, ఎవరి చేతిలో వాళ్ళ గుడ్డ. ఒకావిడ, "అది కూలికిచ్చిన గుడ్డ కాదేటి? నానేటి దొంగతనం సేసినానా?" అని పోట్లాడుతోంది. బాబాయి నన్ను చూడగానే, "ఇరవై దాటి ముక్కలొచ్చే తానుకి పదహారని సెప్పినోడివి నువ్వేనేట్రా? ఈ లెక్కతో టెస్టుకెళ్తే సాహెబు నిన్నేటనడు, నన్నంతాడు. రేపే నీ పేరు కొట్టించేత్తాను" అన్నాడు.

పెట్టె, తాళం, మొలతాడుకి తాళంచెవి, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందునుంచి సువర్ణరేఖలో కొట్టుకుపోయాయి. ఇంకెవరైనా అయితే తల వంచుకునేవారు. నాకు కోపమొచ్చింది. "నా లెక్కకి తప్పేటి బాబాయి? భాగిత్తే తరగాలి కదా? మీరు సెప్పినట్టయితే ఇరవై కన్నా ఎక్కువ రావాలి. అదెలగొత్తాది? ఇది సూడండి" అని ఒకావిడ చేతిలోంచి గుడ్డ లాక్కుని, మీటరు కర్ర పెట్టి చూపించడం మొదలుపెట్టాను. "ఇదిగో మీటరు. ముక్కేమో మీటరు కూడా నేదు, ఎనభయ్యే. అంటే మీటరుకి ఒక ముక్క పోయి ఇంకా ఇరవై సెంటీమీటర్లు మిగిలిపోతంది. రెండో మీటర్లోనూ మిగిలిపోతంది. అలగ నాలుగు మీటర్లయితే ఆ మిగిలిందాంతో ఇంకో ముక్కొచ్చేత్తాది! మీటరుకి ఒకటి కన్నా ఎక్కువే వత్తంటే, ఇరవై మీటర్లకి ఇరవై కన్నా ఎక్కువ రాక…"

అక్కడ నా నోరు ఆగిపోయింది.

పిన్ని మెల్లగా, "ఆగిపోయావేట్రా? సెప్పు, రాక?" అంది. ఇంక నవ్వులు చూడాలి! కూలి గుడ్డ అని పోట్లాడినావిడ గోడ పట్టుకుని నవ్వింది. పరికిణీ పిల్ల మేకపిల్లను ఎత్తుకుని మరీ నవ్వింది. (ఆ పిల్లనే తర్వాత నాకిచ్చి పెళ్ళి చేశారు. ఆ నవ్వు ఇంకా పూర్తిగా ఆగలేదు.) వాదించి వాదించి నన్ను నేనే ఓడించుకున్నాను. ఈ లోకంలో నన్ను వాదనలో ఓడించినవాడు ఇంకెవడూ లేడు, అది మాత్రం రాసుకోండి.

బాబాయి ఒక్కడే నవ్వలేదు. "ఇప్పుడన్న మాట మళ్ళీ అను" అన్నాడు. ముక్క మీటరు కన్నా చిన్నదైతే ముక్కల సంఖ్య మీటర్ల సంఖ్య కన్నా పెద్దదవుతుందని ఈసారి మెల్లగా, నాకు నేను చెప్పుకుంటున్నట్టు అన్నాను. "అయితే మిగిలిందాంతో ఎన్నొత్తాయో కోసి సూపించు" అన్నాడు. పిన్ని తన రేడియో ముసుగు ఇవ్వనంది. ఎవరిదో కుట్టకుండా దాచిన ఏడు మీటర్ల పైచిలుకు గుడ్డ తెచ్చి పరిచారు. కర్ర పెట్టి, సుద్దతో గీతలు గీసుకుంటూ పోయాను. తొమ్మిదొచ్చాయి. పదహారూ తొమ్మిదీ పాతిక. నాలుగు తాన్లకు వంద. సేటు చెప్పిందే నిజం. "పేరు ఉంచుతాను. కానీ ఈ పదిరోజులూ గుడ్డ కొలువు" అన్నాడు బాబాయి.

కొలిచాను. బెత్తెడు కన్నా కాస్త పెద్దది, సరిగ్గా పది సెంటీమీటర్ల కర్రముక్క ఒకటి చేసుకున్నాను. దాంతో కొలిస్తే తాను రెండు వందల కర్రలు, ముక్క ఎనిమిది కర్రలు. రెండు వందల్ని ఎనిమిదితో భాగిస్తే పాతిక. చుక్క ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. కొలిచే కర్ర చిన్నదైంది, అంతే. గుడ్డ మారలేదు, ముక్క మారలేదు, కాబట్టి జవాబూ మారలేదు. ఒకదాన్ని మాత్రమే పెద్ద కర్రతో కొలిచి రెండోదాన్ని చిన్న కర్రతో కొలిస్తేనే గల్లంతు. చుక్కను జరిపితే రెండింటికీ సమానంగా జరపాలనేది అందుకు! వేరుశనక్కాయలతో వెళ్ళిపోయిన పేజీల్లో ఇదే ఉండి ఉంటుంది. ఉంటే ఉండనీ, నాది నేను కనిపెట్టుకున్నాను.

టెస్టులో వచ్చింది ఇనుప రాడ్డు. పొడవు ఆరు మీటర్లు, ముక్క 0.75 మీటరు, ఎన్ని ముక్కలు? నా పక్కవాడు నాలుగున్నర అని రాయడం కనబడింది. వాణ్ణి చూస్తే తోబుట్టువును చూసినట్టు అనిపించింది. నేను ఆరు వందలు చేసి, డెబ్బై అయిదు చేసి, భాగించి ఎనిమిది వేశాను. వేశాక చూస్తే భయమేసింది. ఆరు కన్నా ఎనిమిది పెద్దది. మాస్టారు చెవిలో బెత్తం ఊపుతున్నారు. కొట్టేద్దామా అని పెన్సిలు తిప్పాను. కొట్టెయ్యలేదు. దాని కింద హిందీలో రాశాను: "జవాబ్ బడా హై. ఘబ్‌రాయియే మత్. టుక్‌డా ఛోటా హై." (జవాబు పెద్దదే, భయపడకండి, ముక్క చిన్నది అని.) సాహెబు కాగితం చూసి నన్ను పిలిచాడు. "యే కిస్ కే లియే లిఖా?" అని, ఎవరికోసం రాశావని అడిగాడు. "ఆప్ కే లియే, సర్." "లేకిన్ మై తో ఘబ్‌రా నహీ రహా థా" అన్నాడాయన కళ్ళజోడు తీసి. ఆయనకు భయమేమీ వెయ్యలేదట. ఆయన టిక్కు పెట్టాడు. కొన్నాళ్ళకే నా పెట్టె నాకొచ్చింది. ఆ మొదటి రోజు ఒక హెల్పర్ వచ్చి అలవాటుగా దాన్ని ఎత్తబోతే, "ఉండనీరా, నేను మోసుకుంటాను" అని సంబరంగా సాయంత్రం దాకా నేనే మోశాను.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న ఆదివారం ఈ ఊళ్ళోనే సోనారి నుంచి మా మనవరాలు వచ్చింది. ఐదో తరగతి. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది, కోపం మాత్రం అచ్చం తెలుగే. హోంవర్కు చేస్తూ రబ్బరుతో కాగితం చిరిగేలా రుద్దుతోంది. చూద్దును గదా, పన్నెండు లీటర్ల షర్బత్తును 0.6 లీటరు సీసాల్లో పోస్తే ఎన్ని సీసాలని లెక్క. ఇరవై అని సరిగ్గా వేసింది. వేసి, చెరిపేస్తోంది.

"ఎందుకే చెరుపుతున్నావు?"

"గలత్ హై తాతా. బారహ్ సే బడా ఆ గయా. డివైడ్ కర్‌నే సే తో కమ్ హోతా హై న!"

పన్నెండు కన్నా పెద్దదొచ్చింది కాబట్టి తప్పట, భాగిస్తే తగ్గాలట! నాకు అరవై ఏళ్ళ కోపం ఒక్కసారి లేచింది. ఆ మాస్టారు ఇచ్ఛాపురం నుంచి ఇక్కడిదాకా ఎలా వచ్చారండీ! నా అరుపుకి వంటింట్లోంచి మా ఆవిడ, "పిల్లనెందుకు బెదిరిత్తావు? నీకు తెలిసినప్పుడు నీ మొహం ఎలగుందో నాను సూణ్ణేదేటి?" అంది. నేను వెళ్ళి ఆవిడ కుట్టు మిషను మీది మూత లాగి తెచ్చాను. వెలిసిపోయినా చిలకపచ్చే. ఆనాటి పరికిణీ. "దాని మీద కత్తెర పడిందా, సూడు మరి" అని వెనకనుంచి హెచ్చరిక వచ్చింది. కత్తెర అక్కర్లేదు. మనవరాలి చేతికి స్కేలిచ్చి, మూడు మీటర్ల ఆ గుడ్డ మీద అరవై సెంటీమీటర్లకొక గీత పెట్టించాను. అది గీసింది, వేళ్ళతో లెక్కపెట్టింది, ముఖం చిట్లించింది, "లేకిన్ క్యోం?" అని, ఎందుకో చెప్పమని నామీదే అరిచింది. నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఊరికే చుక్క జరిపి పక్కకు పోయే పిల్ల కాదది, పోట్లాడుతోంది! "నువ్వే చెప్పు, గట్టిగా పోట్లాడు" అన్నాను. అది వాదించుకుంటూ వాదించుకుంటూ వెళ్ళి, సరిగ్గా నేను ఆగినచోటే ఆగి, "అరే!" అంది.

మళ్ళీ ఇరవై వేసింది. అప్పుడే సాహెబు కథ కూడా చెప్పాను గనక, దాని కింద గుండ్రటి అక్షరాలతో రాసింది: "జవాబ్ బడా హై. ఘబ్‌రాయియే మత్." మర్నాడు వాళ్ళ టీచరు టిక్కు పెట్టి, పక్కన ఒక నవ్వే ముఖం బొమ్మ వేసిందట. ఫోనులో ఫొటో పంపారు. చూడండి అన్యాయం, నాకు సాహెబు టిక్కు ఒక్కటే పెట్టాడు, నవ్వు ముఖం పెట్టలేదు. ఆ మాటే మా ఆవిడతో అంటే, "నువ్వా వాక్యం రాసింది సాయెబుకి కాదు కదా" అని మూత తీసుకుని మిషను మీద కప్పింది. నిజమే. ఆ గదిలో భయపడినవాడు ఒక్కడే. మీసం రాకుండానే మీసం తిప్పిన ఆ కోపిష్ఠి కుర్రాడికి భయపడకు అని రాసిపెట్టేవాళ్ళెవరూ లేక, పాపం, వాడికి వాడే రాసుకున్నాడు.